మత్తు పొడచూపు గుఱుతులు
(ఒక పఠనమందిరమున గావించిన ప్రసంగపాఠము)



దొంగ యింట జొరబడినచో కుక్క మొఱుగును. మత్తుమందు జొరబడినపుడు మొఱుగునది లేదు. అది మన బిడ్డ జేబులోనే వచ్చును; ఆ బిడ్డను జూచి కుక్క తోక యాడించును. కావున మేలుకొని యుండవలసినవి మన కన్నులే.

ఇది యెక్కడనో మహానగరముల సంగతి యని యుపేక్షింపరాదు. కేంద్రప్రభుత్వము ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థచే జరిపించి 2019లో ప్రకటించిన సర్వేక్షణము ప్రకారము, ఒక్క యేడాదిలో భంగు, గంజాయి, చరసు వాడినవారు దేశమున 3 కోట్లకు పైబడిరి. నల్లమందు, హెరాయిను, ఆ జాతి నొప్పిమాత్రలు వాడినవారు 2 కోట్లకు పైబడిరి. జిగురు, వైట్‌నర్ వంటివాని వాసన పీల్చు దురలవాటు పెద్దలకన్న పిల్లలలోనే హెచ్చు. నిషిద్ధమగు మందులకు బానిసలైనవారిలో నిరువదిమందికి ఒక్కడే ఆసుపత్రిలో చేరి చికిత్స పొందెను. మిగిలిన పందొమ్మండుగురిలో నెందఱు పరువు చాటున, మూసిన తలుపుల వెనుక నున్నారో యోచింపుడు!

ఇక గుఱుతులు వినుడు. గంజాయి త్రాగినవాని కన్నులు ఎఱ్ఱబాఱును, నోరెండును, వేళగాని వేళ ఆకలి హెచ్చును. నల్లమందు జాతివి పుచ్చుకొన్నవాని కనుపాప సూదిమొనవలె కుంచించుకొనును, కూర్చున్నచోటనే తూగును, మలబద్ధము పీడించును. కొకెయిను వంటి ఉత్తేజకములు వాడినవాని కనుపాప విచ్చుకొనును; నిద్ర తొలగును; తిండి తగ్గి దేహము చిక్కును. వాసన పీల్చువాని బట్టలు జిగురు కంపు కొట్టును. నోటిచుట్టు దద్దురు లేచును. దేహముతోపాటు నడవడియు పలుకును. పాత స్నేహితులు మానుదురు, పేరు చెప్పని క్రొత్తవారు వత్తురు, చదువు సడలును, ఇంటిలో డబ్బు మాయమగును, వేసవి యెండలోను పొడుగుచేతుల చొక్కా విడువడు.

అయినను తొందరపడకుడు. పరీక్షల కొఱకు రాత్రి మేలుకొన్న విద్యార్థి కన్నులును ఎఱ్ఱబాఱును. మనోవ్యాధి గలవాడును స్నేహితులను విడుచును. ఒక్క గుఱుతు సాక్ష్యము కాదు. మూడు నాలుగు కలసి, వారములకొలది నిలిచి, వాని పూర్వ స్వభావమునే మార్చినపుడు మాత్రము ఉపేక్ష తగదు. గుఱుతు లెఱుగుట దొంగను పట్టుటకు కాదు, రోగిని గుర్తించుటకు.

అపుడేమి చేయవలెను? కొట్టకుడు, నలుగురిలో నిలదీయకుడు. మత్తు దిగిన వేళ ఒంటరిగా కూర్చుండబెట్టి, మీరు చూచినది చెప్పి, వాడు చెప్పునది వినుడు. పిదప వైద్యుని కడకు గొనిపొండు. గదిలో వేసి తాళము వేయుట చికిత్స కాదు. నల్లమందు జాతివి కొన్నాళ్లు మానినవాని దేహము పూర్వపు మోతాదును ఓర్వజాలదు; మరల నంతయే పుచ్చుకొన్నచో ప్రాణము పోవచ్చును. పిలిచినను లేవక, ఊపిరి మందగించి, పెదవులు నీలివాఱి, కనుపాప చుక్కవలె నున్నచో క్షణమైన జాగు చేయక 108కి చెప్పి, ఒక ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, వైద్యునితో దాచక నిజము చెప్పుడు.

చట్టమునకు భయపడి చికిత్స మానువారు కలరు. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ విభాగము, వాడకమునకో స్వల్ప పరిమాణమునకో అభియోగము పొందిన వ్యసనపరుడు తనంతట చికిత్సకు వచ్చి దానిని పూర్తిచేసినచో వానిని శిక్షనుండి కాపాడుచున్నది. 14446 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును.

సోదరులారా! క్షయరోగము వచ్చిన బిడ్డను మనము దాచుట లేదు, వైద్యుని వెదకుచున్నాము. ఈ వ్యాధిపట్లను అంతే చేయుదము. పొరుగువా రేమందురో యని జాగు చేయు ప్రతిదినము వ్యాధికి బలమగును. ఈ రాత్రి యింటికి బోయి, బిడ్డ ముఖము నొకమాఱు తేఱిపాఱ జూడుడు, అనుమానింపకుడు, పలుకరింపుడు.