అరువొకచోట, రొక్కమొకచోట
(జీడిమెట్లలో చేసిన యుపన్యాసము)



ఈ జీడిమెట్ల పారిశ్రామికవాడలో నెలజీతముపై బ్రదుకు కుటుంబము లనేకములు కలవు. జీతము నెలమొదట వచ్చును. బియ్యము, పప్పు, నూనె నెల పొడుగునను కావలయును. జీతము నిండుకొన్న దినములలో ఈ కుటుంబముల నాదుకొనుచున్నది వీథిలోని కిరాణాకొట్టు. పత్రము లేదు, పూచీ లేదు. మొగము చూచి, ఖాతాపుస్తకమున పద్దు వ్రాసి, దుకాణదారుడు సరకు నిచ్చుచున్నాడు.

ఇక పెద్ద వర్తకసంస్థల మాట. రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణములు 2006లో మన హైదరాబాదుననే తెరువబడినవి. ఈ నగరమున పుట్టిన త్రినేత్ర దుకాణములు మరుసటి యేడు ఆదిత్య బిర్లా సంస్థ వశమైనవి. 1997లో చెన్నపురిని మొదలైన సుభిక్ష దేశమున వేయికి మించి దుకాణములు తెరచి, 2009లో మూతపడినది. బిగ్ బజారును నడపిన సంస్థ 2022లో దివాలా విచారణ పాలైనది. పెద్ద దుకాణము స్థిరమని నమ్మి చిన్నకొట్టును పోగొట్టుకొన్న వీథి, ఆ పెద్దది మూసిననాడు ఎవరి గడప త్రొక్కును?

పెద్ద దుకాణమున ధర చౌక యనుట నిజమే. అందు మాయ లేదు. వేయి దుకాణములకు ఒక్కమాఱు కొనువానికి ఉత్పత్తిదారు తగ్గించి యిచ్చును. పది బస్తాలు కొనువానికి ఇయ్యడు. చాలీచాలని జీతము గలవానిని చౌకసరకు కొనవలదని చెప్పుట మా యుద్దేశము కాదు.

చట్టము కాపాడునని కొందరి యాశ. న్యాయవాదులమగు మేము ఉన్నమాట చెప్పెదము. 2002 నాటి పోటీ చట్టపు నాలుగవ సెక్షను, ఎదుటివానిని పడగొట్టుటకై ఖర్చుకంటె తక్కువకు అమ్ముటను నిషేధించుచున్నది. కాని యది విపణిలో ఆధిపత్యము గల సంస్థకే వర్తించును. పలు పెద్ద సంస్థలు పోటీపడుచోట ఒకదాని యాధిపత్యమును ఋజువుచేయుట కడు కష్టము.

కావున దుకాణదారులు కలసి కొనవలెను. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద, వేర్వేరు కుటుంబములవారు పదిమంది కూడినచో సంఘము నేర్పరచుకొనవచ్చును. పదేసి బస్తాలవారు పదిమంది కూడి నూఱు బస్తాలు బేరమాడిన, బేగంబజారు టోకువర్తకుడు తప్పక చెవియొగ్గును. తూకము సరిగా నుంచుట, ధర దాచకుండుట వారి విధి.

మన విధియు నొకటి కలదు. నెలమొదట రొక్కముతో పెద్దబజారునకు పోయి, నెలాఖరున ఖాతాపుస్తకము పట్టుకొని చిన్నకొట్టుకు వచ్చుట న్యాయమా? అరువిచ్చిన చేతికి రొక్కమును అందవలదా? జీతము రాగానే కొట్టు బాకీ తీర్చుడు. పిదప మీ యిష్టము వచ్చినచోట కొనుడు.