మున్షీగారి నాన్‌రొట్టె

(దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి.నగర్ ప్రాంత విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిలు, మెడికల్ బిల్లులు కాకుండా ఇంకేదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను కోరారు. అందుకని రొట్టె గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. బకాయిలు ఎన్నాళ్ళైనా నిలవ ఉంటాయి. రొట్టె మాత్రం ఏ రోజుది ఆ రోజే.

ప్రపంచంలో చాలా పాత బేకరీలు ఉన్నాయి. ఆస్ట్రియా దేశంలో సాల్జ్‌బర్గ్ అనే ఊళ్ళో సెయింట్ పీటర్ మఠం వారి బేకరీ 12వ శతాబ్దం నాటిది. పక్కనే కాలువ, ఆ నీటితో తిరిగే చక్రం, కట్టెల పొయ్యి, పులియబెట్టిన పిండి. పారిస్‌లో స్టోరర్ వారి దుకాణం 1730లో పెట్టారు. మన దేశంలో కేరళలోని తలశ్శేరిలో మాంబల్లి బాపు గారు 1880లో బిస్కెట్ల ఫ్యాక్టరీ తెరిచారు. కలకత్తాలో నాహూమ్ బేకరీ 1902 నాటిది.

మరి మన ఊరి సంగతేమిటి? మన ఊరికి రొట్టెతో సంబంధం ఈనాటిది కాదు. ఆసఫ్‌జాహీల జెండా మధ్యలో ఉండే గుండ్రటి గుర్తు కుల్చా రొట్టేనని పెద్దలు చెప్పే కథ. మొదటి నిజాం ఒక సూఫీ గురువు దగ్గర ఏడు కుల్చాలు తిన్నాడట, ఏడు తరాలు ఏలుతావని ఆయన దీవించాడట. కథ నిజమో కాదో గాని, రొట్టెను జెండా మీద చూసుకున్న ఊరు మనది.

ఆ ఊళ్ళో 1851లో, అంటే సాలార్‌జంగ్ దివాన్ కావడానికి రెండేళ్ళ ముందు, పురానీ హవేలీ దగ్గర ఒక నాన్‌రొట్టెల దుకాణం వెలిసింది. పెట్టినాయన మహమ్మద్ హుస్సేన్ గారు. నిజాం సర్కారు కచేరీలో మున్షీ. మున్షీ అంటే ఎవరు? గుమాస్తా! మన క్యాడరేనండీ. అందుకే ఆ దుకాణానికి మున్షీ నాన్ అని పేరు. మనలో ఎంతమంది సంతకాలు ఏ రికార్డు రూములో మిగిలి ఉన్నాయో తెలియదు. ఆ గుమాస్తాగారి హోదా మాత్రం నూట డెబ్బై ఏళ్ళు దాటినా జనం నోట్లో ఆడుతూనే ఉంది.

ఆ నాన్ నాలుగు మూలలతో ఉంటుంది. చార్ కోని నాన్ అంటారు. మైదాపిండి తడిపి, పులియనిచ్చి, చదును చేసి, బొగ్గులతో కాగిన మట్టి తందూరు గోడకు అంటిస్తారు. కాలాక ఇనుప ఊచతో ఊడదీస్తారు. నహారీలోకి, పాయాలోకి, పెళ్ళి విందుల్లో మరగ్‌లోకి అదే జోడీ. మా నల్లగొండ వైపు నుంచి వచ్చిన వాళ్ళకు ఇవన్నీ కొత్త. మా చిన్నతనంలో డబల్ రొట్టె అంటే జ్వరం వచ్చినవాడికి పాలలో నంచి పెట్టే పథ్యం. ఒంట్లో బాగున్నవాడు బ్రెడ్డు తింటే "ఏమైందిరా?" అని అడిగేవారు.

దేశ విభజన తరువాత సింధు ప్రాంతం నుంచి వచ్చిన ఖాన్‌చంద్ రామ్నానీ గారు 1953లో మోజంజాహీ మార్కెట్ దగ్గర కరాచీ బేకరీ పెట్టారు. ఫ్రూట్ బిస్కెట్లకు పేరు మోసింది. విడిచి వచ్చిన ఊరి పేరును బోర్డు మీద పెట్టుకున్నారు. ఆ పేరు వల్లనే 2019లో బెంగుళూరులోని ఒక బ్రాంచి బోర్డు మీద కరాచీ అనే మాటను కప్పవలసి వచ్చింది. 2025 మే నెలలో మన శంషాబాద్ బ్రాంచి మీదికి కూడా జనం వచ్చారు. ఇల్లూ వాకిలీ వదులుకుని ఈ దేశాన్నే నమ్ముకుని వచ్చిన కుటుంబం అది. అయినా పొయ్యి ఆరలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్‌కు మెట్రో రైలు వచ్చింది. మోకాళ్ళ నొప్పులవాళ్ళం మనకు అదొక వరం. లిఫ్టులో ఎక్కి, కూర్చుని, ఎం.జి.బి.ఎస్.లో దిగుతున్నాం. అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట వరకు మెట్రోను పొడిగించడానికి 2025 జనవరిలో కూల్చివేతలు మొదలయ్యాయి. ఆ దారి దారుల్‌షిఫా, పురానీ హవేలీ మీదుగానే వెళ్తుంది. మున్షీగారి దుకాణం వెలిసిన రోడ్డు అదే.

మెట్రో వద్దని నేను అనను. మనకు దొరికిన సుఖం పాతబస్తీ ముసలివాళ్ళకు దొరకకూడదని అనడం న్యాయం కాదు. పరిహారం కూడా చదరపు గజానికి 81 వేల రూపాయల చొప్పున నిర్ణయించారు. 2013 నాటి భూసేకరణ చట్టంలో చిన్న వ్యాపారికి విడిగా కనీసం 25 వేల రూపాయల సాయం కూడా రాసి ఉంది. అయితే జీవితమంతా కాలమ్‌లు నింపినవాణ్ణి కనుక ఒక్క మాట అడుగుతాను. స్థలానికి ఒక కాలమ్ ఉంది, కట్టడానికి ఒక కాలమ్ ఉంది. తాతల నాటి నుంచి తెల్లవారేసరికి వచ్చి నిలబడే గిరాకీకి ఏ కాలమ్ ఉంది? ఆ కాలమ్ ఏ ఆఫీసరూ నింపలేడు. తినేవాళ్ళే నింపాలి.

బేకరీ వయసు గోడల్లో ఉండదు. రోజూ పిండి కలిపే చేతిలోనూ, రోజూ వచ్చి కొనే చేతిలోనూ ఉంటుంది. కరాచీ పేరు ఊరు దాటి వచ్చి బ్రతికింది కదా! కాబట్టి పాతబస్తీ దారిలోని పాత దుకాణాల్లో ఏది ఎక్కడికి మారినా, ఎక్కడికి మారిందో కనుక్కుని వెళ్దాం. వెళ్ళేటప్పుడు మనవలను వెంట తీసుకువెళ్దాం. వాళ్ళకు బర్గర్ తెలుసు గాని చార్ కోని నాన్ తెలియదు.

మరొక విన్నపం. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్.బి.నగర్‌లలో ముప్పై, నలభై ఏళ్ళుగా బన్నులు, దిల్‌పసంద్‌లు చేస్తున్న చిన్న బేకరీలు ఉన్నాయి. ఎవరు పెట్టారు, ఏ ఊరి నుంచి వచ్చారు, పొయ్యి దేనితో నడిచేది అన్నవి అడిగి రాసుకుందాం. ఫైలు పెట్టడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ వివరాలను వచ్చే సంచికలలో అచ్చు వేయవలసిందిగా సంపాదకులను కోరుతున్నాను.

షుగరు ఉన్న సభ్యులు నాన్ ఒక ముక్కతో ఆపాలని మనవి. ఈ మాట మా ఆవిడ ప్రత్యేకంగా చెప్పమంది.