పేట క్లబ్బులును, లెక్క యడిగిన స్త్రీలును

(వార్షిక మహాసభ మహిళాసదస్సునందు చేయబడిన యుపన్యాసము)



సంఘనిర్మాణమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. సంఘనిర్మాణ మనగానే మనవారు పూర్వవైభవముతో నారంభించి విద్యావ్యాప్తితో ముగించుట పరిపాటి. ఆ విషయములు నాకంటె బాగుగ నెఱిగినవారు వేదికపై గలరు. నేను మిమ్ము సముద్రముల కావలనున్న యొక పేటకు గొనిపోదును. అమెరికాదేశమున న్యూయార్కు మహానగరములో బ్రూక్లిను అను భాగము గలదు. అందలి బెడ్‌ఫర్డ్ స్టైవెసంట్ పేటలో నల్లజాతివారు, అందును ముఖ్యముగా స్త్రీలు, డెమొక్రాటిక్ పక్షపు క్లబ్బులలో చేసిన పనిని వివరించుట నా యుద్దేశము. అది మనకేల పట్టవలెనో పోను పోను మీకే తెలియును.

క్లబ్బనగా మన యూళ్లలో చీట్లాట జ్ఞప్తికి వచ్చును. ఇది యట్టిది గాదు. న్యూయార్కులో పక్షము తరఫున నెవరు నిలువవలయునో పైనుండి కాగితము వచ్చి తేల్చుట లేదు. పక్షమునందు పేరు నమోదు చేసికొన్న వోటర్లే ముందొక యెన్నికలో నిర్ణయింతురు. (అచ్చట పౌరసత్వము పొందిన మన బిడ్డలు కొందఱు పక్షమున పేరు వ్రాయించుకొనక, ఆ తొలి యెన్నిక గడచిన పిమ్మట వచ్చి మంచి యభ్యర్థి లేడని విచారింతురట.) ఆ యెన్నికకు నిలువగోరువాడు మొదట తన పేటలోని పక్షపు వోటర్ల సంతకములు సేకరింపవలెను. రాష్ట్ర శాసనసభకైనచో 500 సంతకములు సాధారణ నియమము. సంతకము, చిరునామా, తేది, సాక్షి వ్రాలు, వీనిలో నేది తప్పినను కొట్టివేయించుటకు ఎదుటిపక్షమువారు కాచియుందురు. కావున తెలిసినవారు కావలసినదానికి రెండు మూడు రెట్లు తెత్తురు. మేడమెట్లెక్కి, తలుపు తట్టి, అన్ని సంతకములు తెచ్చు వారెవరు? పేట క్లబ్బు సభ్యులు. క్లబ్బు ఎవనిచేత నున్నదో పదవియు వానిచేత నున్నట్లే.

ఈ విద్యలో నారితేరినవాడు న్యూయార్కు టామనీ హాలు నాయకులలో నొకడగు జార్జి వాషింగ్టన్ ప్లంకిట్. ఆయన సంభాషణలను రియోర్డన్ అను విలేఖరి 1905లో గ్రంథముగా వెలువరించెను. తన రాజకీయము ఒకే యొక వోటుతో మొదలైనదని ఆయన చెప్పుకొనెను. ఆ వోటు తన బంధువగు నొక యువకునిది. దానిని వెంటబెట్టుకొని పోయి పక్షపు పెద్దలయెదుట నిలిచెను. పిమ్మట బడిస్నేహితులు, ఆ తరువాత ఇరుగుపొరుగువారు కూడిరి. అఱువదిమంది కాగానే తన పేరిట నొక సంఘము వెలసెను. పేటలో ఇల్లు తగులబడినచో నిప్పులయంత్రముల వెనుకనే పోయి, కాలినవారికి బట్టలును, తలదాచుకొన చోటును జూపువాడు. మీరే పక్షమువారని యడుగువాడు కాడు. ఇంతవఱకు మెచ్చదగినదే. కాని నగరమే నేలను కొననున్నదో ముందుగా దెలిసికొని, తాను కొని, లాభమునకమ్మి, అది నిజాయితీగల సంపాదనయే యని వాదించినవాడును ఆయనయే. మనలో కొందఱు ఆ గ్రంథము చదువకయే యా విద్య నభ్యసించిరి. (నవ్వులు)

ఇక బ్రూక్లిను మాట. 1950 తరువాత బెడ్‌ఫర్డ్ స్టైవెసంట్ పేటలో నల్లజాతివారు దినదినము పెరుగుచుండినను, క్లబ్బు పెత్తనము తెల్లవారిదే. బార్బడోసు, బ్రిటిషు గయానా దేశములనుండి వచ్చిన తల్లిదండ్రులకు 1924లో బ్రూక్లినులో జన్మించిన షర్లీ చిషోమ్ అను నామె శిశువిద్యాలయోపాధ్యాయిని. ఆమె పదునేడవ శాసనసభా నియోజకవర్గపు క్లబ్బులో జేరెను. నాయకునితో కష్టము చెప్పుకొనుటకు జనులు సాయంకాలములందు వచ్చి తమ వంతుకై కాచుకొనియుండెడివారు. తెల్లవారొక ప్రక్కను, నల్లవారొక ప్రక్కను కూర్చుండెడివారు. ఇట్లుండవలెనని యే నిబంధనయందును వ్రాసియుండలేదు, అది యాచారము. వ్రాతలేని యాచారము వ్రాసిన నిబంధనకంటె బలమైనదని ఈ సభలో వేఱుగ నిరూపింప నక్కఱలేదు.

ఆ క్లబ్బునకు ఖర్చుసొమ్ము చాలవఱకు స్త్రీల కష్టమువలన వచ్చెడిది. ఏటేట లాటరీ చీట్లమ్మి యొక వేడుక జరిపెడివారు. చీట్లును, సొమ్మును ఉంచుటకు చుట్టల పెట్టెలకు రంగుకాగితము లంటించి యలంకరించుట చిషోమ్‌నకు మొదట నొప్పగించిన పని. వేడుకకు కావలసిన సామగ్రికి మాత్రము క్లబ్బు కాసైన నిచ్చెడిది కాదు. స్త్రీలే యెట్లో సమకూర్చుకొనవలెను. సొమ్ము తెచ్చువారము మేమైనప్పుడు ఖర్చున కేల కేటాయింపరని యామె తోడిస్త్రీలను బురికొల్పెను. సభలో నడిగిరి. పురుషులు కొంతకాలము వినబడనట్లు నటించి తుదకు సొమ్మిచ్చిరి.

అదే కాలమున వెస్లీ హోల్డరు అను కార్యదక్షుడు పేటకు వెలుపలివానిని న్యాయాధిపతిగ నిలుపుటను సహింపక, 1953లో లూయిస్ ఫ్లాగ్ అను నల్లజాతి న్యాయవాదిని నిలిపి, ఇల్లిల్లు దిరిగి గెలిపించెను. ఆ యుత్సాహమునుండియే బెడ్‌ఫర్డ్ స్టైవెసంట్ రాజకీయ లీగు పుట్టినది. చిషోమ్ అందును పనిచేసి, 1958లో అధ్యక్షపదవికై హోల్డరుమీదనే పోటీచేసి యోడిపోయెను. పిమ్మట 1960లో ఆమెయు, థామస్ జోన్స్ అను న్యాయవాదియు, మఱికొందఱును యూనిటీ డెమొక్రాటిక్ క్లబ్బును స్థాపించిరి. ఆ యేట నోడిరి. క్లబ్బు మూయలేదు. రెండేండ్లు మెట్లెక్కుచు, వోటర్లను నమోదు చేయించుచు నుండిరి. 1962లో జోన్స్ శాసనసభకు గెలిచెను. 1964లో ఆయన న్యాయాధిపతి కాగా, ఆ స్థానమునకు చిషోమ్ నిలిచి జయించెను.

1968లో దేశ ప్రతినిధిసభకు ఆ ప్రాంతమునుండి క్రొత్త నియోజకవర్గ మేర్పడెను. ఆమె నిలువవలయునని కోరుచు నొక పేదరాలు ఇంటికి వచ్చి కవరొకటి చేతిలో బెట్టెను. అందు 9 డాలర్ల 62 సెంట్లు. ప్రభుత్వసహాయముతో జీవించు స్త్రీలు తమలో తాము కూడబెట్టినది. పక్షయంత్రము వేఱొకనిని బలపఱచెను. పదియేండ్ల క్రింద నామె నోడించిన హోల్డరే యిప్పుడామె ప్రచారమును నడపుటకు వచ్చెను. పక్షపు టెన్నికలో నామె వేయి వోట్లలోపు తేడాతో గెలిచెను. ఆ నవంబరులో నెదిరించినవాడు సామాన్యుడు గాడు. నల్లజాతి హక్కుల యుద్యమమున దేశమెల్ల నెఱిగిన జేమ్స్ ఫార్మరు. ఆయనయు నల్లవాడే. సభలో గట్టి పురుషుని కంఠము వినబడవలెనని ఆయన ప్రచారము సాగెను. హోల్డరు వోటర్ల జాబితాలు ముందిడుకొని పరిశీలింపగా, పేటలో పురుషులకంటె స్త్రీవోటర్లు మిక్కిలి యధికమని తేలెను. చిషోమ్ స్త్రీల సమాజములను, చర్చి బృందములను ఆశ్రయించెను. పోర్టోరికోవారి వీథులలో స్పానిషుభాషలో మాటాడెను. గెలిచి, ప్రతినిధిసభలో నడుగిడిన మొదటి నల్లజాతి స్త్రీ యయ్యెను.

ఇచ్చట నొక విషయమును పెద్దలు గమనింతురుగాక. ఇరువురభ్యర్థులును ఒకే జాతివారు. జాతి చూచి వోటు వేయుమన్నచో ఆ పేటవారికి దారి తెలియదు. అప్పుడు జూచినది ఎవరు మా మెట్లెక్కిరి, ఎవరు మా మాట వినిరి అనునదియే. మనవారి వోట్లన్నియు నొక మూటగా గట్టి మా పక్షమున కిండని ఎన్నికలు రాగానే మన పెద్దలయింటికి వచ్చువారు గలరు. ఆ మూట కట్టుటకు మనలో నెవరికిని అధికారము లేదు. ప్లంకిట్ బంధువు వోటు మొదట నొక స్నేహమే. సంత కెక్కిన దినమున నది సరకైనది.

మన సంగతికి వత్తును. మన విద్యార్థివసతిగృహమునకు పూర్వము ఇంటింట పిడికెడు బియ్యము తీసియుంచినవారు మన యవ్వలు. నేడు భవననిధి రసీదుపుస్తకములు పట్టుకొని యెండలో దిరుగుచున్నవారిలోను స్త్రీలే యెక్కువ. భోజనశాల వారిదే. కార్యనిర్వాహకవర్గమున మాత్రము వారు లేరు. అట్లుండవలెనని నిబంధనావళిలో నెచ్చటను వ్రాయబడలేదు. నేను మొదటి పుటనుండి చివరి పుటవఱకు చదివితిని. నిధి జమాఖర్చులు ముద్రింపబడుచున్నను, సొమ్ము వసూలైన గ్రామమున చదువబడుట లేదు. ఇది యెవరిపైనను నింద కాదు. అడిగినవారు లేకపోవుటచే నిట్లు జరుగుచున్నది. నే నిప్పుడడుగుచున్నాను.

మధ్యాహ్నపు సభలో రెండు తీర్మానములు ప్రవేశపెట్టబడును. కార్యనిర్వాహకవర్గమున మూడవ వంతు స్థానములు స్త్రీల కుండవలయుననుట మొదటిది. ప్రతిశాఖలోను వసూలైన నిధిలెక్కను ఆ గ్రామపు సభ్యులయెదుట సంవత్సరమున కొకసారి చదువవలయుననుట రెండవది. రెంటిని బలపఱచుటకు నా పేరిచ్చియున్నాను. చేతులెత్తు సమయమునకు వంటశాలలోని సోదరీమణులనుగూడ సభలోనికి బిలిపింపవలసినదిగా అధ్యక్షులను ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.