మేడం క్యూరీ – సత్కారముల సద్వినియోగము



విద్వాంసులకు సత్కారములు లభించుట వింత కాదు. లభించిన సత్కారమును వారేమి చేసిరన్నదియే తెలిసికొనదగిన విషయము. ఇందులకు మేడం క్యూరీ జీవితము చక్కని నిదర్శనము.

ఆమె 1867 లో వార్సా నగరమున జన్మించెను. అచ్చటి విశ్వవిద్యాలయమున స్త్రీలకు ప్రవేశము లేకుండుటచే పారిస్ నగరమునకేగి విద్యనభ్యసించెను. 1898 లో భర్తయగు పియరీతో గూడి పొలోనియము, రేడియము అను మూలకములను కనుగొనెను. రేడియమును వేరుచేయు విధానముపై ఆ దంపతులు పేటెంటు హక్కు కోరలేదు. దానిని లోకమునకెల్ల వెల్లడించిరి.

1903 లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమానమునకు కొందరు ఫ్రెంచి విజ్ఞానులు బెకరెల్, పియరీల పేర్లు మాత్రమే సూచించిరి. ఈ సంగతి తెలిసిన పియరీ, తన భార్య కృషిని విడదీయరాదని లేఖ వ్రాసెను. తుదకు బహుమానము మువ్వురకును లభించెను. 1906 లో పియరీ గుఱ్ఱపుబండి క్రిందపడి మరణించెను. 1911 జనవరిలో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు కొద్ది వోట్ల తేడాతో ఆమెకు సభ్యత్వమును నిరాకరించెను. ఆ సంవత్సరముననే రసాయన శాస్త్రమున రెండవ నోబెల్ బహుమానము ఆమెను వరించెను. అంతకు పూర్వము రెండుమార్లు ఆ బహుమానమందినవారు లేరు.

1914 లో యుద్ధము రాగా ఆమె తన బంగారు పతకములను కరగించుటకై ఇవ్వజూపెను. బ్యాంకు అధికారులు అంగీకరింపలేదు. అంతట బహుమాన ధనమును యుద్ధ ఋణపత్రములందుంచి, ఎక్స్‌రే యంత్రములు అమర్చిన మోటారు బండ్లను యుద్ధభూమికి నడిపించి క్షతగాత్రులకు తోడ్పడెను.

1921 లో అమెరికా స్త్రీలు చందాలు పోగుచేసి, సుమారు లక్ష డాలర్ల వెలగల ఒక్క గ్రాము రేడియమును ఆమెకు బహూకరింపబూనిరి. అధ్యక్షుడు హార్డింగు దానిని అందజేయవలసియుండెను. ముందునాటి సాయంకాలము దానపత్రము ఆమెకు చూపబడెను. అందు రేడియము ఆమెకే చెందునని వ్రాసియుండెను. అట్లయిన తన మరణానంతరము అది కుమార్తెల ఆస్తి యగును. ఆమె అంగీకరింపక, న్యాయవాదిని పిలిపించి, అది ప్రయోగశాలకే చెందునట్లు ఆ రాత్రియే పత్రమును సవరింపజేసెను. కుమార్తెలిరువురును ఆమె వెంటనే యుండిరి. అయినను తెల్లవారువఱకు ఆగుట కామె ఒప్పుకొనలేదు.

1934 లో ఆమె కన్నుమూసెను. 1995 లో ఫ్రాన్సు దేశము ఆమె అస్థికలను మహాపురుషుల స్మారక మందిరమగు పాంథియానునకు తరలించెను. స్వీయప్రతిభచే ఆ గౌరవమందిన తొలి మహిళ ఆమెయే.

సభాసదులారా! బిరుదులును పతకములును పెట్టెలోనుండును. ఆ రాత్రి వ్రాసిన పంక్తి మాత్రము ఒక్క గ్రాము రేడియమును రోగులకును విద్యార్థులకును శాశ్వతముగా దక్కించెను. పదిమంది మేలుకై వచ్చిన ధనము పదిమందికే చెందవలెను. గ్రంథాలయమునకు అందిన ప్రతి పుస్తకమునకును ఇదియే ధర్మము.