చెడిపోయిన సరుకు తీసుకెళ్లడానికి ఎవరూ రాకపోతే...

గత వారం బిల్లు ఎందుకు దాచుకోవాలో మాట్లాడుకున్నాం. ఆ ఎపిసోడ్ చూసి ఫోన్ చేసినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒకటే ప్రశ్న. "సార్, పాడైన సరుకు వచ్చింది. వెనక్కి తీసుకెళ్లండి అని చెప్పాం. వాళ్లు రారు, డబ్బు ఇవ్వరు. ఇంట్లో అడ్డంగా పడి ఉన్న ఈ సామాను ఏం చేయాలి?"

ఇది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి ఆ సంగతితోనే మొదలుపెడతాను.

ఖమ్మంలో మా పిన్ని చిట్టీ పాడుకున్న డబ్బుతో ఆన్‌లైన్‌లో ఫ్రిజ్ కొంది. ధర 24,500 రూపాయలు. వచ్చిన రెండో రోజుకే తేడా తెలిసిపోయింది. లైటు వెలుగుతుంది, మోటారు తిరుగుతుంది, లోపల పెట్టిన పాలు మాత్రం విరిగిపోతున్నాయి. రిటర్న్ పెట్టింది. ఒక కుర్రాడు వచ్చాడు, ఎలా అంటే బైకు మీద! ఫ్రిజ్ చూసి, "ఇది బండి మీద పట్టదమ్మా, పెద్ద బండి వస్తుంది" అని వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఫోన్లో మెసేజ్: "కస్టమర్ అందుబాటులో లేరు." అలా మూడుసార్లు. మూడోసారి తర్వాత రిటర్న్ గడువు ముగిసిందన్నారు. సరుకు మాకు చేరలేదు కాబట్టి డబ్బు రాదన్నారు.

చూశారా మెలిక? రాకపోవడం వాళ్ల తప్పు, చేరకపోవడం మన తప్పు అయింది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. వస్తు విక్రయ చట్టం 1930 నాటిది. అందులో 43వ సెక్షన్ ఉంది. సరుకును తిరస్కరించే హక్కు ఉన్న కొనుగోలుదారు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, దాన్ని అమ్మినవాడి దగ్గరికి చేర్చాల్సిన పని లేదు. "నేను దీన్ని తీసుకోవడం లేదు" అని తెలియజేస్తే చాలు. అంటే మోసుకెళ్లడం వాళ్ల పని, చెప్పడం మన పని.

ఇక వినియోగదారుల రక్షణ చట్టం 2019. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి బిల్లులో ఎంత గడువు రాశారో అంతలోగా చేయాలి. గడువు ఏమీ రాయకపోతే 30 రోజుల్లోగా చేయాలి. నిరాకరిస్తే దాన్ని అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది ఆ చట్టం. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020లో విడిగా నియమాలు వచ్చాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో ఒప్పుకోవాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి.

మరి మన వైపు నుంచి తప్పు ఎక్కడ జరుగుతుంది? రెండు చోట్ల.

మొదటిది, వాడేయడం. నేను పిన్ని ఇంటికి వెళ్లేసరికి ఆ ఫ్రిజ్‌లో పచ్చడి జాడీలు, పప్పు డబ్బాలు ఉన్నాయి. "చల్లబడకపోతే ఏంరా, బీరువాలా పనికొస్తుంది కదా" అంది. నవ్వొచ్చింది, భయమూ వేసింది. వద్దని చెప్పిన సరుకును మన సొంతంలా వాడుకుంటే, మనం దాన్ని ఒప్పుకున్నట్టే అని అదే 1930 చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. చాలాకాలం ఏమీ చెప్పకుండా ఉంచుకున్నా అంతే. "పిన్నీ, ముందు ఆ జాడీలు తీసెయ్" అన్నాను.

రెండోది, వదిలించుకోవడం. పక్కింటావిడ పాత ఇనప సామాన్ల బండికి వేసెయ్యమంది. అస్సలు వేయొద్దు. సరుకులో లోపం ఉందో లేదో తేలకపోతే వినియోగదారుల కమిషన్ దాన్ని ల్యాబ్ పరీక్షకు పంపించగలదు. ఆ ఫ్రిజ్ మన సాక్షి అండీ. సాక్షిని అమ్ముకుంటే కేసు ఎక్కడ నిలబడుతుంది?

కాబట్టి ఇలా చేయండి. లోపం కనిపించిన రోజే ఫొటోలు, వీడియో తీయండి. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పెట్టండి. "ఫలానా తేదీన వచ్చింది, ఫలానా లోపం ఉంది, నేను దీన్ని స్వీకరించడం లేదు, వచ్చి తీసుకెళ్లండి, డబ్బు తిరిగి ఇవ్వండి" అని నాలుగు ముక్కలు చాలు. మనిషి వచ్చి ఉత్త చేతులతో వెళ్లిపోతే అదే రోజు ఇంకో మెయిల్: "నేను ఇంట్లోనే ఉన్నాను, మీ మనిషి బైకు మీద వచ్చి తీసుకెళ్లలేనని వెళ్లాడు." వాళ్ల అబద్ధపు మెసేజ్‌కు ఇదే మందు.

అప్పటికీ కదలకపోతే 1915. ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడవచ్చు. వీళ్లు తీర్పు ఇవ్వరు, కంపెనీతో మాట్లాడి పరిష్కారం కోసం ప్రయత్నిస్తారు. మా పిన్నికి అక్కడే పని అయింది. మూడు వారాల్లో డబ్బు ఖాతాలో పడింది.

అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఏ ఊళ్లో ఉన్నా సరే, మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. గడువు మాత్రం రెండేళ్లు, గుర్తుంచుకోండి. డబ్బుతో పాటు సరుకు తీసుకెళ్లేలా ఆదేశం, మీకు కలిగిన ఇబ్బందికి నష్టపరిహారం, ఖర్చులు కూడా అడగండి. అడగనిది ఎవరూ ఇవ్వరు కదా.

ఇంకో ముక్క ఉంది. డబ్బు వచ్చాక కూడా ఆ ఫ్రిజ్ మా పిన్ని వరండాలో రెండు నెలలు నిలబడింది. "ఇక నాదే కదా, అమ్ముకోనా?" అంది. కాదు పిన్నీ. డబ్బు వెనక్కి వచ్చింది కాబట్టి వస్తువు వాళ్లది. ఇన్ని రోజులు ఉంచుకుంటే మనదైపోతుందన్న లెక్క చట్టంలో లేదు. అలాగని పట్టుచీరలా దాచనక్కర్లేదు. మన సొంత సామాను చూసుకున్నట్టు, ఎండావానా పడకుండా ఒక పక్కన పెడితే చాలు. తేదీ పెట్టి మళ్లీ రాయండి: "పదిహేను రోజుల్లో తీసుకెళ్లండి, లేదంటే చోటు ఆక్రమించినందుకు పరిహారం అడుగుతాను." "మీరే పారేయండి" అని వాళ్లంటే అది రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆ తర్వాతే పాత సామాన్ల బండిని పిలవండి.

పిన్ని అలాగే రాసింది. పన్నెండో రోజున ట్రాలీ ఆటో వచ్చింది, ఇద్దరు మనుషులు దిగారు. సంతకం పెట్టించుకుని, నంబరు ప్లేటుతో సహా ఫొటో తీసుకున్నాకే గేటు తీసిందట! నేర్చుకుంది కదా.

మొత్తం సారాంశం మూడు మాటలు. రాసి చెప్పండి. వాడకండి. పారేయకండి. మిగతా బరువు అమ్మినవాడిదే, వాడినే మోయనివ్వండి.

వచ్చే వారం వారంటీ కార్డులో చిన్న అక్షరాల గురించి మాట్లాడుకుందాం. అందాకా సెలవు. నమస్కారం.