మోటారు సైకిలు వెనుక కుదుపు: స్వల్ప వ్యయముతో నివారణ



ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున పూర్వము ప్రయాణమన్న ఎద్దుబండి. నేడు మోటారు సైకిలు. ప్రత్తి ధర విచారించుటకు ఆదోని మార్కెట్టు యార్డునకు పోవలెనన్నను, మగ్గముపై నేసిన వస్త్రమును ఎమ్మిగనూరు చేర్చవలెనన్నను, ముసలి తల్లిని వైద్యునికడకు కొనిపోవలెనన్నను అదియే ఆధారము. అయితే మన నేల నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు కుంచించి నెఱ్ఱెలు విచ్చును. దానిపై వేసిన బాట కొలదికాలములోనే ఎగుడుదిగుడగుట సహజము.

ఆ కుదుపు మిక్కిలిగా తగులునది తోలువానికి గాదు. అతడు రెండు చక్రముల నడుమ కూర్చుండును. వెనుకవారు ఇంచుమించు వెనుక చక్రము మీదనే కూర్చుందురు. ఎద్దుపుండు నొప్పి కాకికి తెలియదు గదా! ఇంటిలోని ఆడువారు నడుము నొప్పి యనగానే, క్రొత్తబండి కొనుమని కుమారులు తొందరపెట్టుట కలదు. వాయిదాల అప్పు తలకెత్తుకొనుటకు ముందు ఈ నాలుగు మాటలు ఆలకింపుడు.

పూర్వము పెక్కు మోటారు సైకిళ్లలో వెనుక చక్రము చట్రమునకే బిగింపబడి యుండెడిది. ఆసనము క్రింది స్ప్రింగులే దిక్కు. 1949లో ఇంగ్లండున వెలువడిన రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టునకు వెనుకప్రక్క ఊగెడు చేయియు, నూనెతో పనిచేయు షాకబ్జార్బర్లును అమర్చిరి. 1955 నుండి ఆ బండి మన మదరాసులోనే తయారగుచు వచ్చినది. నేటి చిన్న బండ్లకును ఈ యమరికయే ఆధారము.

షాకబ్జార్బరులో రెండు భాగములు గలవు. పైకి కనబడు స్ప్రింగు దెబ్బను ఓర్చుకొనును. కాని స్ప్రింగు ఒక్కటియే యున్నచో బండి ఉయ్యాలవలె ఊగుచునే యుండును. ఆ ఊపు నణచునది లోపలి గొట్టములోని నూనె. అది సన్నని రంధ్రములగుండ ఒత్తిడితో పారి, ఊపును వేడిగా మార్చి చల్లార్చును. ఏండ్లు గడచిన కొలది తఱచుగా చెడునది ఈ రెండవ భాగమే. స్ప్రింగు చెక్కుచెదరకుండ కనబడుటచే లోపము మన కంటబడదు.

దీనిని పరీక్షించుట సులభము. ఆసనము వెనుకభాగమును రెండు చేతులతో గట్టిగా అదిమి విడువుడు. ఒక్కసారి లేచి కుదురుకొన్నచో మేలు. రెండు మూడు మారులు ఊగినను, కడ్డీపై నూనె చెమర్చినను ఆ షాకబ్జార్బరు పని తీరినట్లే.

అట్లయినను మొదట డబ్బులేని పనులు చేయవలెను. టైరులో గాలి కంపెనీవారు నిర్ణయించినంతయే యుండవలెను. అధికమైనచో చిన్నరాయియు నడుమునకు తగులును. పిమ్మట స్ప్రింగు చెంతనుండు మెట్ల ఉంగరమును చూడుడు. హీరో స్ప్లెండరు వంటి బండ్లలో దీనికి 5 మెట్లు కలవు. మెట్టు పెంచినచో స్ప్రింగు స్వభావము మారదు. క్రుంగిన వెనుకభాగము పైకి లేచును, అంతియే. ఒంటరిగా పోవునప్పుడు క్రింది మెట్టు, ఇద్దరైనప్పుడు గాని మూట యున్నప్పుడు గాని పై మెట్టు, రెండుప్రక్కల సమముగా నుంచవలెను. తరువాత ఊగుచేతి బుష్షులు అరిగినవేమో మెకానిక్కుచే చూపింపుడు. ఇది స్వల్పఖర్చే.

ఇన్ని చేసినను ఊపు తగ్గనిచో అప్పుడు క్రొత్త జత కొనుడు. ఒకటి పాతది, ఒకటి క్రొత్తది తగదు. బండి ఒకవైపు ఒరగును. మీ బండికి నిర్ణయించిన పొడవుగల జతయే కొనుడు. పొడవైనవి వేసినచో చైను బిగువు, దీపపు చూపు, స్టాండు నిలుకడ అన్నియు మారును. గట్టి స్ప్రింగు వేసిన కుదుపు తగ్గుననుట భ్రమ; బరువు లేనప్పుడు అది మరింత ఎగురవేయును. గ్యాసు నింపిన రకమున నత్రజని యొత్తిడి నూనెను నురుగు పట్టనీయదు. గతుకుబాటపై దూరము పోవువారికి అది ఉపయోగకరము. అట్టి గొట్టమును విప్పుటయు, కాల్చుటయు ప్రాణాపాయము. పాతదానిని కోసి ఇంజను నూనె పోయించుటయు మంచిది గాదు. అందు పోయవలసిన నూనె చిక్కదనము వేఱు.

ఇది సుఖమునకు మాత్రమే సంబంధించిన విషయము గాదు. ఊపు అణగని చక్రము గతుకుపై నేలను విడిచి ఎగురును. గాలిలోనున్న చక్రమునకు బ్రేకు వేసి ఫలమేమి? కావున మొదట గాలి, పిదప మెట్టు, ఆపైన బుష్షు, కట్టకడపట క్రొత్త జత: ఈ వరుస మఱువకుడు. ఏ జత వేసినను వేగము తగ్గించుటకు మించిన మందు లేదు. మీ పిల్లలకు ఈ మాట చెప్పుడు. వెనుక కూర్చున్నవారి నడుము ఎట్లున్నదో ఒక్కమాటు వారినే అడుగుమనుడు.