శత్రుహస్తముతో మేల్కొను ఔషధము



భీమవరమున 1895లో జన్మించి, హార్వర్డులో సైరస్ ఫిస్కేతో గూడి 1929లో కండరములనుండి ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును వెలికిదీసిన యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృత్యర్థము మాటలాడవలసివచ్చినప్పుడు, ఆయన కనుగొన్నవానినే మరల వల్లించుట సుగమమైన మార్గము. కాని యవి మీలో పెక్కుమందికి కంఠస్థములే. అందుచే హెర్పిస్ రోగములకు మందు దొరకిన చరిత్రను నేడు చెప్పదలచితిని. ఇందు ఆయన పాత్రధారి కాడు. అయినను, కథకు ఆయువుపట్టయిన చోట పనిచేయునది ఆ ద్రవ్యమే.

పెదవిమీద జ్వరపుపొక్కులను, జననాంగములపై వ్రణములను కలిగించు వైరసును, చిన్ననాట ఆటలమ్మగా వచ్చి ముదిమిలో సర్పిగా మరల తలయెత్తు వైరసును ఒకే హెర్పిస్ వంశమునకు జెందినవి. వైరసు మన కణములలో జొరబడి, కణపు పనిముట్లతోనే తన సంతతిని పెంచుకొనును గనుక, దానిని చంపబూనిన మందు కణమునుగూడ చంపక తప్పదని 1950 ప్రాంతముల విజ్ఞులు తలంచిరి. ఈ నిరాశ నిర్హేతుకము కాదు.

మొదటి వెలుగు కంటియందే కనబడినది. యేల్ విశ్వవిద్యాలయమున విలియం ప్రూసాఫ్ సిద్ధపరచిన ఐడాక్స్యూరిడిన్‌ను హెర్బర్ట్ కాఫ్‌మన్ 1962లో నేత్రరోగులకు ప్రయోగించెను. కంటి నల్లగ్రుడ్డుమీద ఫ్లోరెసిన్ రంగుచుక్క వేసి, నీలికాంతిలో పరికించినచో, కొమ్మలు రెమ్మలుగా చీలి పచ్చగా మెరయు సన్నని గీత యొకటి అగుపడును. అదియే హెర్పిస్ వ్రణము. పగలు గంటకొకమారు, రాత్రి రెండు గంటలకొకమారు చుక్క వేయవలెను. రోగికిని, రాత్రులు మేల్కొని చుక్కలు వేయు ఇల్లాలికిని అది చికిత్సయే కాక దీక్షగూడ. అయిననేమి, మానవచరిత్రలో వైరసుపై విజయము గాంచిన తొలి మందులలో నిది యగ్రగణ్యము. కాని దీనిని రక్తములోనికి పంపినప్పుడు అసలు స్వరూపము బయటపడెను: మజ్జను దెబ్బతీయుచు, హెర్పిస్ మెదడువాపు రోగులకు మేలుకంటె కీడే యెక్కువ చేయుచుండుటచే 1975 నాటికి ఆ ప్రయత్నమును విడిచిపెట్టిరి. వైరసు డి.ఎన్.ఏ. యేది, మన డి.ఎన్.ఏ. యేది యను వివేకము దానికి లేదు.

తరువాతిది విడారబిన్. ఫ్లారిడా సముద్రపు స్పంజులలో వెర్నర్ బెర్గ్‌మన్ కనుగొన్న వింత చక్కెరగల పదార్థములు దీని కల్పనకు ప్రేరకములు. 1977లో రిచర్డ్ విట్లీ బృందము ప్రకటించిన ఫలితములలో, హెర్పిస్ మెదడువాపు మరణములు నూటికి 70 నుండి 28కి తగ్గినవి. రోగనిర్ణయమునకు మెదడునుండి చిన్న తునకను దీసి పరీక్షింపవలసిన కాలమది. ఇందొక విపరీతమున్నది: ఈ మందు నీటిలో సరిగా కరుగదు గనుక, అసలే వాచియున్న మెదడుగల రోగికి విస్తారముగా ద్రవమెక్కింపవలసివచ్చెడిది.

ఇక గెర్ట్రూడ్ ఎలియన్ కథ. 1937లో న్యూయార్కులో పట్టము పుచ్చుకొని, స్త్రీయన్న మిషతో ప్రయోగశాలలు తలుపు తీయకుండగా చిల్లరకొలువులు చేసి, 1944లో బరోస్ వెల్‌కమ్ సంస్థలో జార్జి హిచింగ్స్ కడ చేరెను. సుబ్బారావుగారివలె హిచింగ్స్‌గూడ హార్వర్డులో ఫిస్కే ప్రయోగశాలలో పనిచేసినవాడే. ఎలియన్‌కు డాక్టరేటు పట్టము లేదు; లేకపోవుట ఆ పట్టముయొక్క దురదృష్టమని నా యభిప్రాయము. ఆమె బృందమున హోవర్డ్ షేఫర్, డి.ఎన్.ఏ. భాగమైన గ్వానిన్‌కు తగిలియుండవలసిన చక్కెరవలయమును కత్తిరించి తోకవలె మిగుల్చు పద్ధతి నవలంబించెను. ఇంగ్లండులో జాన్ బాయర్ పరీక్షింపగా, అట్టి యొక పదార్థము హెర్పిస్‌పై అద్భుతముగ పనిచేసెను. అదియే ఎసైక్లోవిర్, 1977, 1978 సంవత్సరముల ప్రకటనలతో లోకమునకు వెల్లడియైనది.

దాని మర్మమును వినుడు. కణములోనికి ప్రవేశించిన ఎసైక్లోవిర్ స్వతః జడము. దానికొక ఫాస్ఫేటు తగిలించినగాని మేల్కొనదు. ఆ తొలి ఫాస్ఫేటును తగిలించుటకు మన కణపు ఎంజైములకు చేతకాదనదగినంత యశక్తత. హెర్పిస్ వైరసు తన యవసరమునకై తెచ్చుకొన్న థైమిడిన్ కైనేజ్ అను ఎంజైము మాత్రము తడబడకుండ ఆ పని చేయును, ఏ.టి.పి.నుండి ఫాస్ఫేటును గ్రహించి. పిమ్మట మన ఎంజైములే మరి రెండింటిని చేర్చును. అట్లు సిద్ధమైన యణువు వైరసు డి.ఎన్.ఏ. గొలుసున చొరబడి, తదుపరి కొక్కెము లేమిచే గొలుసు పెరుగుదలను నిలిపివేయును. భస్మాసురుడు తన హస్తమును తన శిరముపైననే యుంచుకొన్న చందము. వైరసు లేని కణములో మందు సోమరిగా తిరిగి మూత్రమార్గమున వెడలిపోవును. అందుచేతనే సిరలోనికి ఎక్కించునప్పుడు నెమ్మదిగాను, రోగికి నీరు చాలినంత యుండునట్లును చూడవలెను, లేనియెడల మూత్రపిండములలో స్ఫటికములై పేరుకొనును.

1986లో విట్లీ బృందమే రెండు మందులను సరిపోల్చగా, మెదడువాపున విడారబిన్ పొందినవారిలో నూటికి 54 మందియు, ఎసైక్లోవిర్ పొందినవారిలో 28 మందియు మరణించిరి. ఎలియన్, హిచింగ్స్‌లకు 1988లో జేమ్స్ బ్లాక్‌తో గూడ నోబెల్ బహుమానము లభించినది. మాత్రలో స్వల్పభాగమే రక్తమును చేరుచుండుటచే, వాలిన్ అను ఆమినో ఆమ్లమును చేర్చి వాలసైక్లోవిర్‌ను 1995లో వాడుకకు తెచ్చిరి. సర్పికి ఎసైక్లోవిర్ 800 మిల్లిగ్రాములు దినమునకైదుమార్లు, పొక్కులు వచ్చిన 72 గంటలలోపల ఆరంభింపవలెనని వైద్యులు చెప్పుదురు. ఆ మూడు దినములను పైపూతలతో గడిపివేయుట మనయందు పరిపాటి; తైలములకును, లేపనములకును సర్పి లొంగదు.

ఇంతటి మందునకును ఒక చోట చొరవ లేదు. ముఖమందలి నాడీగ్రంథిలో నిద్రించు వైరసు, డి.ఎన్.ఏ.ను పెంచుకొనదు, థైమిడిన్ కైనేజ్‌ను తయారు చేయదు. గనుక ఎసైక్లోవిర్ ఆ కణముల గుండ ఏమియు చేయక పోవును. జ్వరము, ఎండ, దుఃఖము, ముదిమి దానిని లేపినప్పుడు మాత్రమే దీనికి పని. ఈ ఎంజైము లోపించిన వైరసులు, ముఖ్యముగా రోగనిరోధకశక్తి సన్నగిల్లినవారియందు, మందుకు లొంగకపోవుటయు కలదు. వారికి ఫాస్కార్నెట్‌ను వాడుదురు. వైరసు డి.ఎన్.ఏ.ను విప్పు యంత్రాంగమునే అడ్డగించు అమెనమెవిర్‌ను జపానులో 2017నుండి సర్పికి వాడుచున్నారు. దానికి థైమిడిన్ కైనేజ్ సాయ మక్కరలేదు. అదియును మేల్కొన్న వైరసుపైననే పనిచేయును.